విండోస్ 7, పాత ఫోన్లు వాడే కస్టమర్ల కోసం సైట్‌ని ఎంతవరకు మోయాలి?

కోఠి_ఫ్రంటెండ్ అడిగారు:

కోఠిలో మందుల హోల్‌సేల్ చేసే ఒక డిస్ట్రిబ్యూటర్‌కి ఆర్డర్ల సైట్ మళ్లీ మొదటినుంచి కడుతున్నాం. రిటైల్ మెడికల్ షాపుల వాళ్లు లాగిన్ అయ్యి స్టాక్ చూసుకుంటారు, ఆర్డర్ పెడతారు, బిల్లు దించుకుంటారు. ఇంటర్‌ఫేస్ తెలుగులోనూ ఉంటుంది. వైట్ (కోడ్‌ని కలిపి సైట్‌గా బిల్డ్ చేసే టూల్), రియాక్ట్ (పేజీని జావాస్క్రిప్ట్‌తో కట్టే లైబ్రరీ), టెయిల్‌విండ్ 4 (రూపం దిద్దే రెడీమేడ్ సీఎస్‌ఎస్ క్లాసులు) వాడుతున్నాం. టెస్టింగ్‌లో మూడు చోట్ల దెబ్బతింది:

విండోస్ 7 కంప్యూటర్, క్రోమ్ 109: పేజీ వస్తుంది కానీ రంగులు పోయాయి. "ఆర్డర్ పెట్టు" బటన్ ఉన్నచోట ఖాళీ కనిపిస్తుంది, నొక్కితే మాత్రం పనిచేస్తుంది.

ఐఫోన్ 6: మొత్తం తెల్ల పేజీ.

ఆండ్రాయిడ్ 6 ఫోన్, క్రోమ్: సైట్ తెరుచుకోకముందే "కనెక్షన్ ప్రైవేట్ కాదు" అన్న హెచ్చరిక.

క్లయింట్ "ఒక్క షాపు కూడా పోకూడదు, అందరికీ ఒకేలా కనిపించాలి" అంటున్నారు. మా లీడ్ "బ్రౌజర్ అప్‌డేట్ చేసుకోమని బ్యానర్ పెట్టి వదిలేద్దాం" అంటున్నారు. గీత ఎక్కడ గీయాలి?

---

గుల్‌మొహర్ జవాబు:

అన్నా, మీకు వచ్చినవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకటి సీఎస్‌ఎస్ (పేజీ రూపం), ఒకటి జావాస్క్రిప్ట్ (పేజీని నడిపే కోడ్), ఒకటి సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి చూపే రుజువు). అన్నిటినీ కలిపి "పాత బ్రౌజర్ సమస్య" అంటే ఒక్కదానికీ మందు దొరకదు.

ముందు క్రోమ్ 109. విండోస్ 7, 8.1లకు వచ్చిన చివరి క్రోమ్ అదే, 2023 జనవరిలో వచ్చింది. ఆ కంప్యూటర్‌లో అప్‌డేట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా 110 రాదు. కాబట్టి మీ లీడ్ చెప్పిన బ్యానర్ వీళ్లకు తాళం వేసిన తలుపు చూపించినట్టే.

రంగులు పోవడానికి కారణం టెయిల్‌విండ్ 4. దాని అధికారిక కనీస అవసరం క్రోమ్ 111, సఫారీ 16.4, ఫైర్‌ఫాక్స్ 128. మీరు రెండు వెర్షన్ల తేడాతో కింద ఉన్నారు. ఓకేఎల్‌సీహెచ్ (రంగులు రాసే కొత్త పద్ధతి), కలర్-మిక్స్ (రంగులు కలిపే ఫంక్షన్) క్రోమ్ 111లోనే వచ్చాయి. టెయిల్‌విండ్ 4 తన రంగులన్నీ ఓకేఎల్‌సీహెచ్‌లో రాసి, కస్టమ్ ప్రాపర్టీల్లో (పేరు పెట్టి దాచే విలువలు) పెట్టి, వార్ అనే ఫంక్షన్ ద్వారా పిలుస్తుంది. అర్థంకాని విలువ నేరుగా డిక్లరేషన్‌లో (సీఎస్‌ఎస్ లైన్‌లో) ఉంటే బ్రౌజర్ ఆ లైన్‌ని వదిలేసి పై లైన్ తీసుకుంటుంది. అదే విలువ వార్ లోపలినుంచి వస్తే చదివేటప్పుడు తప్పు బయటపడదు. విలువ లెక్కగట్టే వేళకి పై లైన్ ఎప్పుడో పోయి ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ పారదర్శకం అయిపోతుంది. మీ బటన్ మీద తెల్ల అక్షరాలు, వెనక తెల్ల పేజీ. అందుకే కనిపించదు, నొక్కితే పనిచేస్తుంది. ఫాల్‌బ్యాక్ లైన్ (పాత బ్రౌజర్ కోసం రాసే ప్రత్యామ్నాయం) పైన రాశాం కదా అని చాలామంది తల పట్టుకునేది సరిగ్గా ఇక్కడే.

రెండు దారులున్నాయి. టెయిల్‌విండ్ 3.4కి దిగండి, పాత బ్రౌజర్లు కావాలంటే అదే వాడమని టెయిల్‌విండ్ వాళ్లే చెబుతున్నారు. లేదా 4లోనే ఉండి థీమ్ రంగులన్నీ హెక్స్‌లో (పాత రంగు కోడ్‌లో) తిరగరాయండి. కానీ రంగు పక్కన స్లాష్ పెట్టి పారదర్శకత ఇచ్చే క్లాసులకు కలర్-మిక్స్ కావాలి, వాటిని కూడా వెతికి మార్చాలి. తర్వాతి చిన్న విడుదలల్లో కొన్ని ఫాల్‌బ్యాక్‌లు చేర్చారు, అయినా అధికారిక కనీస అవసరం దిగలేదు. ఇంకా మొదట్లోనే ఉన్నారు కాబట్టి నేనైతే 3.4 అంటాను.

ఐఫోన్ 6కి ఐఓఎస్ 12.5 దగ్గర ఆగిపోయింది. అందులో క్రోమ్ వేసుకోమన్నా లాభం లేదు, లోపల నడిచేది అదే పాత వెబ్‌కిట్, అంటే సఫారీ ఇంజిన్. తెల్ల పేజీ అంటే దాదాపు ఎప్పుడూ సింటాక్స్ ఎర్రరే. ప్రశ్నార్థకం పక్కన చుక్క పెట్టి రాసే ఆప్షనల్ చెయినింగ్, రెండు ప్రశ్నార్థకాల నల్లిష్ ఆపరేటర్ ఐఓఎస్ 13.4లో వచ్చాయి. బండిల్‌లో (కోడ్ అంతా కలిపిన ఫైల్) ఎక్కడో ఒక్కటి ఉన్నా ఫైల్ మొత్తం పార్స్ కాదు, ఒక్క లైన్ కూడా నడవదు. మీ హెచ్‌టీఎంఎల్‌లో ఖాళీ డివ్ ఒక్కటే ఉంది కాబట్టి తెలుపే మిగిలింది. దీనికి పాలీఫిల్ (లేని ఫంక్షన్‌ని నింపే కోడ్) పనిచేయదు, సింటాక్స్‌ని పాత బ్రౌజర్ చదవగలిగే రూపానికి కంపైల్ చేసి దించాల్సిందే.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నోమాడ్యూల్ బండిల్ (మాడ్యూల్ స్క్రిప్టులు తెలియని పాత బ్రౌజర్లకు విడిగా ఇచ్చేది) ఇచ్చాం కదా అనుకుంటారు. ఐఓఎస్ 12కి మాడ్యూల్ స్క్రిప్టులు తెలుసు, కాబట్టి అది నోమాడ్యూల్ జోలికి పోదు. ఆధునిక బండిల్‌నే తెచ్చుకుని దాంట్లోనే కూలబడుతుంది. ఈ ఫోన్ కావాలనుకుంటే మాడ్యూల్ బండిల్‌నే దించాలి: వైట్‌లో బిల్డ్ టార్గెట్ సఫారీ 12 అని పెట్టండి. ఆ పని చేశాక కూడా ఫంక్షన్లు మిగులుతాయి. ప్రామిస్ ఆల్‌సెటిల్డ్, రీప్లేస్‌ఆల్, రీసైజ్ అబ్జర్వర్ ఏవీ అందులో లేవు. ఈఎస్‌బిల్డ్ అనే కంపైలర్ సింటాక్స్ మారుస్తుందే గానీ ఫంక్షన్లు ఇవ్వదు. మొదటి రెండిటికీ కోర్-జేఎస్ అనే పాలీఫిల్ లైబ్రరీ నుంచి ఏరి చేర్చుకోవాలి, రీసైజ్ అబ్జర్వర్‌కి వేరే పాలీఫిల్ కావాలి. వైట్ బదులు వెబ్‌ప్యాక్ వాడేవాళ్లకు ఇంకో మాట: బేబెల్ లోడర్ (సింటాక్స్ దించే భాగం) సెట్టింగులో నోడ్ మాడ్యూల్స్‌ని (బయటి లైబ్రరీల ఫోల్డర్) మినహాయించే అలవాటు ఉంటుంది. మీ కోడ్ దిగుతుంది, ఏదో లైబ్రరీలోని ఒక్క ప్రశ్నార్థకం మాత్రం అలాగే ఉండి పేజీని తెల్లగా చేస్తుంది.

పాలీఫిల్ ఏదైనా మీ సర్వర్ నుంచే ఇవ్వండి. పాలీఫిల్స్ పంచే పాలీఫిల్ డాట్ ఐఓ డొమైన్ చేతులు మారాక 2024 జూన్‌లో లక్షకు పైగా సైట్లలోకి హానికర కోడ్ వెళ్లింది. మందుల ఆర్డర్లు, లాగిన్లు ఉన్న సైట్‌లో బయటి స్క్రిప్ట్ పెట్టకండి.

ఆండ్రాయిడ్ 6 సంగతి ఫ్రంటెండ్ చేతిలో లేదు. మీ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత సర్టిఫికెట్ సంస్థదై ఉంటుంది. దాని సొంత రూట్ (నమ్మకానికి మూలమైన సర్టిఫికెట్) ఐఎస్‌ఆర్‌జీ ఎక్స్1ని ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే నమ్ముతారు. పాత ఫోన్ల కోసం పెట్టిన క్రాస్ సంతకం (అవి నమ్మే మరో రూట్ ఇచ్చిన పూచీ) గడువు 2024 సెప్టెంబర్ 30తో తీరింది. ఆ ఫోన్‌కి చివరి క్రోమ్ 106, అది సిస్టమ్ రూట్ జాబితానే చూస్తుంది. ఫైర్‌ఫాక్స్‌కి సొంత జాబితా ఉంది కాబట్టి అందులో తెరుచుకుంటుంది. లేదంటే పాత ఆండ్రాయిడ్‌లు నమ్మే రూట్ ఉన్న మరో సంస్థ సర్టిఫికెట్ కొనాలి.

ఇదే హెచ్చరిక విండోస్ 7 కంప్యూటర్లలో కనిపిస్తే సర్టిఫికెట్‌ని తిట్టేముందు గడియారం చూడండి. మదర్‌బోర్డ్ మీద సీఆర్2032 బటన్ సెల్ అయిపోతే కంప్యూటర్ ఆపి వేసిన ప్రతిసారీ తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది, అప్పుడు ఏ సర్టిఫికెట్ అయినా "ఇంకా మొదలవలేదు" అంటుంది. సెల్ మార్చి తేదీ సరిచేస్తే పోతుంది.

---

రేపటి_వెబ్ జవాబు:

పైన చెప్పిన కారణాలన్నీ సరే, కానీ "కుదురుతుంది" అన్నంత మాత్రాన "చేయాలి" అని కాదు.

క్రోమ్ 109కి విండోస్ 7 మీద భద్రతా ప్యాచ్‌లు రావు. బయటపడిన లోపాలన్నీ ఆ కంప్యూటర్లలో అలాగే తెరిచి ఉన్నాయి. అక్కడ మీ సైట్ నున్నగా నడిస్తే షాపు యజమానికి మార్చుకోవాల్సిన అవసరమే కనబడదు. కనీసం ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువకాలం భద్రతా సవరణలు ఇచ్చే రకం) వేసుకోమని చెప్పండి. విండోస్ 7 మీద నడిచే చివరి ఫైర్‌ఫాక్స్ అది, క్రోమ్ 109 ఆగిపోయాక కూడా మొజిల్లా దానికి భద్రతా సవరణల గడువు పొడిగిస్తూ వచ్చింది. బ్యానర్ పెడితే ఇలా అందుబాటులో ఉన్న మార్గం చెప్పే బ్యానర్ పెట్టాలి. "దయచేసి అప్‌డేట్ చేయండి" అన్న మొండి వాక్యం వద్దు.

కానీ గుర్తుంచుకోండి, 115 అంటే అన్నీ ఉన్నట్టు కాదు. హ్యాజ్ సెలెక్టర్ (లోపల ఏముందో చూసి ఎంచేది) ఫైర్‌ఫాక్స్ 121లో, సీఎస్‌ఎస్ నెస్టింగ్ (రూల్ లోపల రూల్ రాయడం) 117లో వచ్చాయి. క్రోమ్ 109లో హ్యాజ్ ఉంది, నెస్టింగ్ లేదు. కాబట్టి "రెండూ పాతవే, ఒకదాంట్లో చూస్తే చాలు" అనుకోకండి.

కొన్ని గీతల మీద బేరం లేదు. టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ని రహస్యంగా ఉంచే పద్ధతి) 1.2కి కిందకి దిగకండి. కార్డు చెల్లింపులు తీసుకునేవాళ్లు పాత టీఎల్‌ఎస్ వదిలేయాలని పీసీఐ డీఎస్‌ఎస్ (కార్డు భద్రతా ప్రమాణం) పెట్టిన గడువు 2018 జూన్ 30తోనే ముగిసింది. ఆండ్రాయిడ్ 4.3, అంతకన్నా పాత ఫోన్లతో వచ్చిన సొంత బ్రౌజర్లు ఇక్కడే సహజంగా రాలిపోతాయి. చెల్లింపు గేట్‌వే పేజీ ఏ బ్రౌజర్‌ని తీసుకోదో, చెల్లింపు వరకు మీ గీత కూడా అదే. అది ముందే వాళ్ల డాక్యుమెంటేషన్‌లో చూసుకోండి.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 అసలు చర్చే వద్దు. మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న దాన్ని సాగనంపింది. ఎడ్జ్‌లో ఐఈ మోడ్‌ని కనీసం 2029 దాకా ఉంచుతామన్నది పాత ఆఫీసు అప్లికేషన్ల కోసం, కొత్తగా కట్టే సైట్ల కోసం కాదు.

నా లెక్కలో క్రోమ్ 109 ఉంచాలి, ఐఓఎస్ 12 వదిలేయాలి. ఒక్క ఐఓఎస్ 12 కోసం బండిల్ మొత్తాన్ని దించి, కొత్త ఫోన్ ఉన్న ప్రతివాళ్ల చేతా అదనపు కోడ్ దించుకునేలా చేయడం అన్యాయం.

---

యాక్సెస్_లాగ్ జవాబు:

ఉంచాలా వదలాలా అనేది మన అభిరుచి కాదు, ఆ షాపులు తేల్చాలి. కొలిచే పద్ధతిలో జరిగే పొరపాట్లు చెబుతాను.

మొదటిది: సందర్శకుల్ని లెక్కపెట్టే అనలిటిక్స్ కూడా జావాస్క్రిప్టే. మీ బండిల్‌లోనే కలిపి ఉంటే, తెల్ల పేజీ చూసి వెళ్లిపోయినవాళ్లు అందులో పడరు. "ఐఓఎస్ 12 వాళ్లు సున్నా" అని రిపోర్ట్ వస్తుంది, మనమే గెంటేసి ఎవరూ రాలేదంటాం. కాబట్టి వెబ్ సర్వర్ (ఎంజిన్‌ఎక్స్) యాక్సెస్ లాగ్, అంటే వచ్చిన ప్రతి రిక్వెస్టు చిట్టా తీయండి. ప్రస్తుతం నడుస్తున్న పాత సైట్ లాగ్ అయితే ఇంకా మంచిది, ఎందుకంటే అది వాళ్లందరికీ తెరుచుకుంటోంది. నెలాఖరు ఆర్డర్లు కూడా పడేలా కనీసం రెండు నెలలది తీసుకోండి.

రెండోది: ఆపరేటింగ్ సిస్టమ్ పేరు నమ్మకండి. క్రోమ్ 107 నుంచి డెస్క్‌టాప్ యూజర్ ఏజెంట్‌లో (బ్రౌజర్ తన గురించి సర్వర్‌కి చెప్పుకునే మాట) విండోస్ వెర్షన్‌ని 10.0 అని బిగించడం మొదలుపెట్టారు. విండోస్ 7 మీద ఉన్న 109 కూడా విండోస్ 10 లాగే కనిపించవచ్చు. ఆండ్రాయిడ్‌లోనూ అంతే, కొత్త క్రోమ్‌లన్నీ "ఆండ్రాయిడ్ 10" అనే చెబుతాయి. ప్రధాన వెర్షన్ సంఖ్య మాత్రం నిజం. 109 దగ్గర గుట్ట కనిపిస్తే అది విండోస్ 7, 8.1 గుట్ట. ఆండ్రాయిడ్‌లో 95, 106, 119, 138 దగ్గర గుట్టలు వెతకండి. అవి వరసగా ఆండ్రాయిడ్ 5, 6, 7, ఆ తర్వాత 8-9 చివరి క్రోమ్‌లు. మధ్య సంఖ్యలు చెదురుమదురుగా ఉంటే వాళ్లు అప్‌డేట్ కాగలిగినా కానివాళ్లు. బ్యానర్ పనిచేసేది వాళ్లకే.

మూడోది: సందర్శనలు లెక్కపెట్టకండి, ఆర్డర్లు లెక్కపెట్టండి. లాగ్‌లో ఆర్డర్ సబ్మిట్ అయ్యే చిరునామాకు వచ్చిన పోస్ట్ రిక్వెస్టులు మాత్రం వడకట్టి, వాటిని వెర్షన్ వారీగా కూడండి. కొత్త ఫోన్‌లో ధర చూసి, కౌంటర్ మీది పాత కంప్యూటర్‌లో ఆర్డర్ పెట్టే షాపు ఉంటుంది. సందర్శనల లెక్కలో ఆ కంప్యూటర్ చిన్నది, డబ్బుల లెక్కలో అదే పెద్దది.

ఆ లెక్క వచ్చాక బ్రౌజర్స్‌లిస్ట్‌కి (ఏ బ్రౌజర్ల కోసం బిల్డ్ చేయాలో తేల్చే టూల్) మీ సొంత గణాంకాల ఫైల్ ఇవ్వండి. డిఫాల్ట్ సెట్టింగ్ ప్రపంచం మొత్తం వాటా చూస్తుంది. "ఇండియాలో 0.5 శాతానికి పైన" అని రాయొచ్చు, అది కొంత నయం, కానీ దేశమంతా కాలేజీ పిల్లలు వాడే ఫోన్లకీ మెడికల్ షాపు కౌంటర్‌కీ పోలిక లేదు.

---

ఒత్తు_దీర్ఘం జవాబు:

క్లయింట్ అడిగిన "అందరికీ ఒకేలా" అన్న మాట దగ్గరే ఆగి మాట్లాడండి. ఆ మాట ఒప్పుకుంటే ఈ పని ఎప్పటికీ తెమలదు. ఆర్డర్ పెట్టడం, స్టాక్ చూడటం, బిల్లు దించుకోవడం, ఈ మూడూ అందరికీ జరగాలి. రూపం వేరుగా ఉండొచ్చు. సపోర్ట్ అంటే నా దృష్టిలో ఇదే, అంతకుమించి ఇవ్వాల్సిన బాకీ లేదు. అంతకన్నా తక్కువ ఇవ్వడం మాత్రం తప్పు, ఎందుకంటే ఆ షాపుకి పాత కంప్యూటర్ మార్చే స్తోమత లేకపోతే అది మన డిజైన్ నిర్ణయంతో తీరే విషయం కాదు. చాలాచోట్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ డ్రైవర్ ఆ విండోస్ 7కే అతుక్కుని ఉంటాయి.

కాబట్టి ఆర్డర్ ఫారం సర్వర్ నుంచే హెచ్‌టీఎంఎల్‌గా రావాలి. మామూలు ఫారం, యాక్షన్, పోస్ట్, తనిఖీ సర్వర్‌లో. దానిమీద రియాక్ట్ వచ్చి వెతుకులాట, ఆటోసేవ్ చేరుస్తుంది. అప్పుడు మాడ్యూల్ స్క్రిప్టే గీత అవుతుంది. నోమాడ్యూల్ బండిల్ అసలు ఇవ్వకండి. బటన్ల జియోఫోన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ కాయ్‌ఓఎస్ 2.5 లోపల ఉన్నది ఫైర్‌ఫాక్స్ 48 ఇంజిన్, దానికి మాడ్యూల్ తెలియదు, గ్రిడ్ (గళ్ల అమరిక) తెలియదు. అది స్క్రిప్ట్‌ని ముట్టుకోకుండా ఫారం చూపిస్తుంది, 240 పిక్సెల్ వెడల్పులో, బాణం బటన్లతో ఆర్డర్ వెళ్తుంది. ఎక్కడున్నామో చూపే ఫోకస్ గీత తీసేయకుండా ఉంటే చాలు. ఐఓఎస్ 12లో స్క్రిప్ట్ కూలినా కింద ఫారం నిలబడి ఉంటుంది. బండిల్‌ని దించాల్సిన పనీ లేదు, వాళ్లని వదిలేయాల్సిన పనీ లేదు. గుల్‌మొహర్, రేపటి_వెబ్ ఇద్దరి వాదనకీ ఇక్కడ చోటుంది.

సీఎస్‌ఎస్‌లో పదేపదే దెబ్బతినే చోట్లు:

ఫ్లెక్స్ అమరికలో గ్యాప్ (వస్తువుల మధ్య ఖాళీ) క్రోమ్ 84, సఫారీ 14.1 నుంచి ఉంది. కానీ సపోర్ట్స్ రూల్‌లో (బ్రౌజర్‌కి ఏది తెలుసో అడిగే రూల్) గ్యాప్ ఉందా అని అడిగితే పాత బ్రౌజర్ కూడా "ఉంది" అంటుంది, దానికి గ్రిడ్‌లో గ్యాప్ తెలుసు కాబట్టి. ఆ ప్రశ్నతో తేడా పట్టలేరు. బటన్లు అతుక్కుపోయి కనిపిస్తే ఇదే. ముఖ్యమైన చోట్ల మార్జిన్ వాడండి, లేదా గ్రిడ్ వాడండి.

ఎత్తు విషయంలో ముందు లైన్ 100 వీహెచ్ (తెర ఎత్తుకి పాత కొలత), తర్వాత లైన్ 100 డీవీహెచ్ (కొత్త కొలత). ఇది సరిగ్గా పనిచేస్తుంది, వార్ లోపల పెట్టనంతవరకు. కానీ మినిఫైయర్ (ఫైల్ కుదించే టూల్) టార్గెట్ కొత్త బ్రౌజర్లకే పెట్టి ఉంటే "మొదటి లైన్ అనవసరం" అని తీసేస్తుంది. లైట్నింగ్ సీఎస్‌ఎస్ అనే టూల్ అలా చేస్తుంది. బిల్డ్ అయ్యాక బయటికి వచ్చిన ఫైల్ తెరిచి చూడండి, మీరు రాసిన ఫైల్ కాదు.

హ్యాజ్‌ని కామా పెట్టి మామూలు సెలెక్టర్లతో కలిపి రాస్తే, తెలియని బ్రౌజర్ ఆ రూల్ మొత్తం పారేస్తుంది. విడిగా రాయండి.

లేయర్ రూల్ (సీఎస్‌ఎస్‌ని పొరలుగా విడదీసేది) క్రోమ్ 99, సఫారీ 15.4, ఫైర్‌ఫాక్స్ 97 నుంచే. అంతకు ముందువి లేయర్ లోపలిదంతా వదిలేస్తాయి. టెయిల్‌విండ్ 4 మొత్తం లేయర్లలోనే బయటికి వస్తుంది, అందుకే పాత ఫోన్లలో పేజీ పూర్తిగా బట్టలు విప్పినట్టు అవుతుంది. పైన చెప్పినట్టు 3.4 మేలు.

తెలుగు గురించి ఎవరూ అనలేదు. విండోస్ 7లో గౌతమి, వాణి అనే తెలుగు ఫాంట్లు ఉంటాయి, నిర్మలా యూఐ విండోస్ 8తో వచ్చింది. మీ ఫాంట్ వరసలో నిర్మలా ఒక్కటే పెడితే అక్కడ ఇంకేదో ఫాంట్ పడి లైన్ ఎత్తు మారుతుంది, ఒత్తులు కింది లైన్‌కి తగులుతాయి. లైన్ హైట్ 1.6 కన్నా తగ్గించకండి, బటన్లకు స్థిరమైన ఎత్తు ఇవ్వకండి, ప్యాడింగ్ ఇవ్వండి. నోటో శాన్స్ తెలుగు ఫాంట్‌ని వోఫ్2 (వెబ్ ఫాంట్ ఫార్మాట్)గా మీ సర్వర్‌లో పెట్టుకుంటే ఈ తేడాలు పోతాయి. సైజు తగ్గించేటప్పుడు కొన్ని కన్వర్టర్లు జీసబ్ పట్టిక (అక్షరాలు కలిపే నియమాలు) కొట్టేస్తాయి. అప్పుడు "స్త్రీ" మూడు ముక్కలవుతుంది. యూనికోడ్ పరిధిలో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ (తెలుగు అక్షరాలు) మాత్రమే రాసి 200సీ, 200డీ (అక్షరాలు కలపడం, విడదీయడం చెప్పే కనిపించని గుర్తులు) మర్చిపోకండి. "డాక్టర్‌కి", "స్టాక్‌లో" లాంటి మాటలు ఆ కనిపించని అక్షరం మీదే నిలబడతాయి, మందుల సైట్‌లో అవి అడుగడుగునా ఉంటాయి.

టెస్టింగ్‌కి అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 2 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కోండి. వర్చువల్ మెషిన్‌లో రంగులు, సింటాక్స్ తెలుస్తాయి. 600 వరసల స్టాక్ పట్టిక స్క్రోల్ చేస్తే ఎంత నత్తనడక నడుస్తుందో అసలు మెషిన్‌లోనే తెలుస్తుంది.

---

కోఠి_ఫ్రంటెండ్:

అందరికీ ధన్యవాదాలు. 3.4కి మారుతున్నాం, పాత సైట్ లాగ్ అడిగాం. ఒక్క సందేహం: ఒప్పందంలో దీన్ని ఎలా రాయాలి? "పాత బ్రౌజర్లకు సపోర్ట్ లేదు" అంటే క్లయింట్ సంతకం పెట్టరు.

---

యాక్సెస్_లాగ్:

బ్రౌజర్ పేర్లతో రెండు వరసలు రాయండి. మొదటి వరస, రూపం సహా పూర్తిగా పరీక్షించేవి: క్రోమ్ 109, ఆ పైవి, ఫైర్‌ఫాక్స్ 115, ఆ పైవి, ఐఓఎస్ 15, ఆ పైవి. ఐఫోన్ 6ఎస్, 7 ఐఓఎస్ 15 దగ్గర ఆగాయి, అవి ఇంకా చాలా చేతుల్లో ఉన్నాయి. రెండో వరస, టీఎల్‌ఎస్ 1.2 ఉండి మా సర్టిఫికెట్‌ని నమ్మే ఏ బ్రౌజర్ అయినా: లాగిన్, స్టాక్, ఆర్డర్, బిల్లు పనిచేస్తాయి, రూపానికి హామీ లేదు. ఆర్డర్ల లాగ్ చూసి ఆరు నెలలకోసారి వరసలు మారుస్తామని, మొదటి వరసలోకి ఏదైనా కొత్తగా చేర్చమంటే దానికి విడి అంచనా ఇస్తామని కలపండి. క్లయింట్‌కి ఇచ్చేటప్పుడు రెండో వరస పేజీని క్రోమ్ 109లో జావాస్క్రిప్ట్ ఆపేసి తెరిచి, ఒక ఆర్డర్ పెట్టి చూపించండి.